కొండబాట పట్టబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

మా కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ఉద్యోగంలో చేరావని, క్వార్టర్ కూడా ఇచ్చారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విశాఖ బీచ్ రోడ్డు మీద రోజూ పరుగెత్తిన దానివి, ఇంత కొండ ప్రాంతానికొచ్చి ఊరుకోలేవు. చుట్టుపక్కల ఏ దారులు బాగుంటాయో రాయమన్నావు. తప్పకుండా రాస్తాను. అయితే ముందుగా ఒక మాట. ఇక్కడి కాలిబాటలు పరుగు కోసం పుట్టినవి కావు. ఇక్కడి గిరిజనులు, అంటే పరజలు, కోదులు, గదబలు, సంతకీ, పొలానికీ, గెడ్డకీ (వాగుకీ) తరతరాలుగా నడవగా పడిన దారులు. వాళ్ళ దారిలో మనం వెళ్తున్నాం. ఈ సంగతి మనసులో ఉంటే ఎక్కడ పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో నీకే తెలుస్తుంది.

శుక్రవారం కుందులి సంత. ఆ రోజు పొద్దున్న అటువైపు కొండల నుంచి ఆడవాళ్ళు నెత్తిన గంపలతో వరసగా దిగుతుంటారు. బాట ఒకరికే సరిపోతుంది. బరువు మోసేవాళ్ళు పక్కకి తొలగకూడదు, నువ్వే ఆగి దారివ్వాలి. వెనకనుంచి దడదడా వెళ్ళి బెదరగొట్టకు, దూరం నుంచే ఒక మాట వినిపించు. "జుహార్" అని పలకరించు. ఊరు వచ్చిందంటే పరుగు మానేసి నడువు. మనిషి పరుగెత్తుతూ వస్తే ఏమైందోనని ఊరంతా కంగారు పడుతుంది, కుక్కలు కూడా వెంటపడతాయి. కుక్క కరిస్తే కడగడం, కట్టు కట్టడంతో సరిపెట్టుకోకు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ ఇంజక్షన్ మొదలుపెట్టించుకో.

ఇంకొకటి, పొలం గట్లు. ఈ జిల్లాలో కొండల మధ్య గెడ్డ పారే పల్లంలో మెట్లుమెట్లుగా వరిమడులు కడతారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ సాగు పద్ధతుల్లో ఒకటిగా గుర్తించింది. చూడడానికి ఆ గట్లు పరుగుకి భలే దారిలా కనిపిస్తాయి. నాట్లప్పుడు మాత్రం వాటిమీద అడుగు పెట్టకు. పచ్చి మట్టితో అప్పుడే మెత్తిన గట్టు నీ షూస్ దెబ్బకి విరిగితే నీళ్ళన్నీ కింది మడిలోకి పోతాయి. మళ్ళీ కట్టుకోవాల్సింది ఆ రైతే.

ఇక పరుగు సంగతి. కోరాపుట్ పీఠభూమి దాదాపు 870 మీటర్ల ఎత్తు. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి మొదట్లో అలుపు తెలియదు, వేగం ఎక్కువైపోతుంది. కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టిందని వాచీ చూసుకోవడం మానెయ్యి. ఇవాళ గంట, వచ్చే వారం గంటంపావు, అలా టైమ్ పెట్టుకో. నిటారు ఎక్కుడులో నడువు, అందులో నామోషీ ఏమీ లేదు. చేతులు తొడల మీద ఆనించి, చిన్న చిన్న అడుగులు వెయ్యి. పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి. మిగలకపోతే తగ్గించు.

అసలు కష్టం దిగుడులో ఉంది. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, దిగేటప్పుడు తొడలు దెబ్బతింటాయి. ఒంటి బరువంతా ఆపుకుంటూ కండరం సాగుతుంది కదా, ఆ నొప్పి మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువవుతుంది. అందుకని మొదటి నెల పెద్ద దిగుళ్ళు వద్దు. ఇక్కడి ఎర్రనేల మీద గుండ్రటి చిన్న రాళ్ళు ఉంటాయి, గోలీల మీద కాలు వేసినట్టే జారిపోతుంది. వెనక్కి వాలి మడమతో బ్రేకు వేస్తే ఇంకా జారుతుంది. ఒంటిని కొంచెం ముందుకే ఉంచి, మోకాళ్ళు కాస్త వంచి, గబగబా పొట్టి అడుగులు వెయ్యి. చూపు పాదాల మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. చేతులు వెడల్పుగా ఉంచితే తూలు ఆగుతుంది. షూస్ అడుగున ముళ్ళలాంటి గ్రిప్ ఉండాలి, నీ రోడ్డు షూస్ పనికిరావు. సైజు అర నంబరు పెద్దది తీసుకో, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకో. లేకపోతే దిగుడులో బొటనవేళ్ళు నల్లబడతాయి.

దారులు చెప్తాను. మొదట కోలాబ్ జలాశయం వైపు వెళ్ళు. కోరాపుట్, జయపురం మధ్య నీటి అంచున మట్టిదారులు పెద్ద ఎత్తుపల్లాలు లేకుండా ఉంటాయి, కాళ్ళు అలవాటు పడతాయి. తర్వాత సెమిలిగుడ నుంచి నందపురం వైపు పల్లెల్ని కలిపే బాటలు. నందపురం ఒకప్పుడు జయపురం రాజుల రాజధాని. నన్నడిగితే ఈ జిల్లాలో అన్నిటికన్నా అందమైన పరుగు అక్కడే, అదీ వానలు తగ్గాక. మన అరకులో లాగే వలిసె పూలు కొండవాలంతా పసుపుపచ్చగా పరుచుకుంటాయి, చోడి (రాగి) చేలు కోతకొస్తాయి. దేవమాలి శిఖరం పేరు విని అందరూ అటే పరుగెడతారు కానీ నేనైతే దాన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను.

అలాగని దేవమాలికి వెళ్ళొద్దనడం లేదు. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పైదాకా బండ్లు వెళ్ళే రోడ్డుంది. సెలవు రోజుల్లో కార్లు, జీపులు, పాటలు. మామూలు రోజు చూసుకుని తెల్లవారగానే కింది పల్లె నుంచి మొదలుపెట్టు. పైన అంతా గడ్డి, చెట్లు తక్కువ, గాలి విసురుగా ఉంటుంది. చెమటతో ఆగితే వణుకు పుడుతుంది, పల్చటి జాకెట్ నడుముకి కట్టుకెళ్ళు. మే, జూన్ మధ్యాహ్నాలు మాత్రం వద్దే వద్దు. ఒడిశాలో ఏటా పిడుగులకి చాలామంది పోతున్నారు, ఆ బోడికొండ మీద నువ్వే ఎత్తైన వస్తువువి. మెరుపు కనిపించాక 30 లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే వెంటనే దిగిపో. ఒంటరి చెట్టు కింద నిలబడకు.

గుప్తేశ్వరం చలికాలంలో చూడు. కిందికి దిగిన ప్రాంతం కాబట్టి ఎండాకాలం ఉక్కపోత, అదే జనవరిలో ఆ సాలవృక్షాల నీడ హాయిగా ఉంటుంది. మీ పక్కనే ఉన్న పాంచ్‌పట్మాలి కొండ వైపు వెళ్ళకు, అది బాక్సైట్ గని, బ్లాస్టింగ్, డంపర్లు. సాలూరు నుంచి సుంకి మీదుగా వచ్చే ఘాట్ రోడ్డు బస్సులోంచి ఎంత ముచ్చటగా ఉన్నా పరుగుకి పనికిరాదు, మలుపు మలుపుకీ లారీలే. కాళ్ళు గట్టిపడ్డాక పర్లాకిమిడి దగ్గర మహేంద్రగిరికి వెళ్దాం. 1501 మీటర్లు, పైన పాండవుల పేర్లతో రాతి గుళ్ళున్నాయి. 2022లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. శివరాత్రికి జనం ఎక్కువ, ఆ రోజులు వదిలేద్దాం.

నియమగిరి గురించి కూడా అడిగావు. అది డోంగ్రియా కోదుల దేవుడు నియమరాజు కొండ. 2013లో 12 గ్రామసభలు పెట్టి ఆ కొండని తవ్వడానికి వీల్లేదని వాళ్ళు తేల్చి చెప్పారు. ఎవరైనా పిలిస్తే అతిథిగా వెళ్ళు. పరుగు కోసం మాత్రం వద్దు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలేటప్పుడు ఎలుగుబంట్లు చీకటి ఉండగానే చెట్ల కిందికొస్తాయి. బాగా వెలుతురు వచ్చాకే బయల్దేరు, పొదలున్న మలుపుల దగ్గర మాట్లాడుతూ వెళ్ళు, చెవిలో పాటలు పెట్టుకోకు. వానాకాలం గెడ్డ నీళ్ళు ఎర్రగా మారి మోకాలు దాటితే దాటొద్దు, వెనక్కి తిరుగు. జలగల సంగతి వదిలెయ్, చిరాకే తప్ప ప్రమాదం లేదు. మలేరియాని మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఇక్కడ వచ్చేది ఎక్కువగా ఫాల్సిపారమ్ రకం, ఆలస్యమైతే మెదడుకి ఎక్కుతుంది. సాయంత్రం నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర. అడవిలో తిరిగిన వారం, రెండు వారాలకి జ్వరం వస్తే, పరుగు అలసటేలే అనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించు. పల్లెలో ఉంటే ఆశా కార్యకర్త దగ్గర కూడా కిట్ ఉంటుంది.

ఒంటరిగా వెళ్ళకు. ఎవరూ దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, నీ వేగం అందుకోలేను కానీ వెనకాల వస్తాను. ఏ ఊరి మీదుగా ఏ ఊరికి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో మెసేజ్ పెట్టి మరీ బయల్దేరు. లోయల్లో సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే దించుకో. చీలిక దగ్గర అనుమానం వస్తే మ్యాప్ కన్నా మేకలు కాసే పిల్లాడిని నమ్ము. లీటరు నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, కొంచెం బెల్లం, ఒక గుడ్డ కట్టు, యాభై, వంద నోట్లు దగ్గర ఉంచుకో. సంతలో చోడంబలి దొరుకుతుంది, పరుగు అయ్యాక అంతకన్నా మంచిది లేదు.

ఈ ఆదివారం కోలాబ్ వైపు వెళ్దాం. ఆరింటికల్లా సెమిలిగుడ బస్టాండు దగ్గర ఉంటాను, కొత్త షూస్ అయితే ముందు రెండు రోజులు వేసుకుని తిరుగు.

మీ మావయ్య,
సెమిలిగుడ