అణు విద్యుత్తులోకి వెళ్లాలంటే బీటెక్‌లో ఏ బ్రాంచి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. అణు విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు కావాలన్నది తన కోరిక. న్యూక్లియర్ ఇంజనీరింగ్‌లో బీటెక్ కోసం వెతికితే మాకు దగ్గరలో ఎక్కడా కనిపించలేదు. పైగా రేడియేషన్ అంటే ఇంట్లో అందరికీ భయం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మంచి కోరిక, ఆపకండి. ‘న్యూక్లియర్’ అన్న పేరున్న డిగ్రీ కోసం తిరగాల్సిన పని కూడా లేదు. మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్, మెటలర్జీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవారే ఈ రంగాన్ని నడుపుతున్నారు. ఎందుకో తెలియాలంటే ఆ కేంద్రంలో జరిగే పని తెలియాలి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం డయాక్సైడ్ పొడిని అదిమి, సుమారు 1,700 డిగ్రీల వేడిలో కాల్చి బిళ్లలు చేస్తారు. ఒక్కో బిళ్ల వేలి కొసంత ఉంటుంది. వాటిని జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో పేర్చి రెండు కొసలూ వెల్డింగ్‌తో మూసేస్తారు. మన 220 మెగావాట్ల రియాక్టర్లలో అలాంటి 19 గొట్టాలు కలిస్తే అర మీటరు పొడవున్న ఒక ఇంధనపు కట్ట. రియాక్టర్‌లో అడ్డంగా 306 చానళ్లు, ఒక్కోదానిలో 12 కట్టలు. ఒక్క గొట్టానికి సన్నని పగులు వచ్చినా రేడియోధార్మిక పదార్థం నీటిలో కలుస్తుంది. అందుకే అక్కడ లోహం తెలిసినవాళ్లకు అంత విలువ.

సహజ యురేనియంలో తేలికగా చీలే యురేనియం-235 ఉండేది 0.7 శాతమే. దాని కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకితే రెండుగా చీలి, వేడి పుడుతుంది. రెండు మూడు న్యూట్రాన్లు బయటికొచ్చి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఇదే శృంఖల చర్య. అయితే పుట్టినప్పుడు న్యూట్రాన్ల వేగం చాలా ఎక్కువ, అది తగ్గితేనే అవి సులభంగా చీల్చగలవు. గోళీ గోడకు కొడితే దాదాపు అదే వేగంతో వెనక్కి వస్తుంది. తనంత బరువున్న ఇంకో గోళీకి తగిలితే వేగాన్ని దానికి అప్పగించి నెమ్మదిస్తుంది. నీటిలోని హైడ్రోజన్ చేసే పని ఇదే. కానీ మామూలు నీరు కొన్ని న్యూట్రాన్లను మింగేస్తుంది. మామూలు హైడ్రోజన్‌కు బదులు దాదాపు రెట్టింపు బరువున్న భార హైడ్రోజన్ ఉండే నీరే భారజలం. అది చాలా తక్కువ మింగుతుంది కాబట్టి సహజ యురేనియంతోనే రియాక్టర్ నడుస్తుంది.

ఆ భారజలం మీ పక్కనే, మణుగూరులో తయారవుతుంది. నదీజలంలో సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటే భార హైడ్రోజన్. దాన్ని ఏరి పోగుచేయడం అచ్చమైన కెమికల్ ఇంజనీరింగ్. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచే పని ఇదే.

ఇక మిగిలింది పాల్వంచ దగ్గరి థర్మల్ కేంద్రంలో జరిగేదే. సుమారు 290 డిగ్రీల వేడిని భారజలం మోసుకెళ్లి వేరే గొట్టాల్లోని మామూలు నీటికి ఇస్తుంది. అది ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది.

భయం సంగతి. మీ భయాన్ని కొట్టిపారేయను. న్యూట్రాన్లను మింగేసే నియంత్రణ కడ్డీలు దించి శృంఖల చర్యను ఆపేసినా, ఆ క్షణంలో పూర్తి వేడిలో ఆరు శాతం దాకా ఇంకా పుడుతూనే ఉంటుంది. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగాయి. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచడంతో ఆ మిగులు వేడిని తీసే పంపులు పనిచేయలేదు. ఇలాంటి చోట జాగ్రత్తగల ఇంజనీర్లే కావాలి. ఉద్యోగులు ఒంటిమీద పెట్టుకునే బ్యాడ్జి వారికి సోకిన రేడియేషన్‌ను లెక్కిస్తుంది. మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భిణులకు ఇంకా కఠినం. ప్రకృతి నుంచి మనందరికీ అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు.

దారుల విషయానికొస్తే, బీటెక్ 60 శాతం మార్కులతో పూర్తిచేసి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్‌కు ప్రయత్నించవచ్చు. వారి పరీక్ష లేదా గేట్ (ఇంజనీరింగ్ పట్టభద్రులకు జరిగే జాతీయ పరీక్ష) స్కోరుతో ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎంపికైతే ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఇస్తూనే అణుశాస్త్రం నేర్పుతారు. అణు విద్యుత్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐఎల్) కూడా గేట్ స్కోరుతో ఎగ్జిక్యూటివ్ ట్రైనీలను తీసుకుంటుంది. యంత్రాలకన్నా భౌతికశాస్త్రమే ఇష్టమైతే నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష రాసి భువనేశ్వర్‌లోని జాతీయ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ నైసర్‌లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చేయవచ్చు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, ఈ జవాబులో ఎక్కడ ఆగి రెండోసారి చదివిందో మీ అమ్మాయిని అడగండి. బిళ్లలూ గొట్టాల దగ్గరైతే మెటలర్జీ, మణుగూరు దగ్గరైతే కెమికల్, టర్బైన్, పంపుల దగ్గరైతే మెకానికల్ ముందు పెట్టించండి.