సైనిక కవాతు, ఉద్యమ ర్యాలీ: రెండింట్లోనూ నడిచినవాడి జవాబు

మీ అబ్బాయి డిగ్రీ ఫస్టియర్‌లో ఎన్‌సీసీలో చేరాడు. జనవరి 26 పరేడ్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాడు. అదే వారంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం విద్యార్థులు తీసే ర్యాలీకి కూడా పోతానంటున్నాడు. వద్దంటే "రెండూ మార్చే కదా బాపూ" అన్నాడట. నిజంగా రెండూ ఒకటేనా, పంపొచ్చా అని మీరు అడిగారు.

హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో నేను రెండూ చేశాను. 2009 నుంచి 2012 దాకా అంటే ఆ రోజులు ఎట్లాంటివో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటికి మంచులో గ్రౌండ్ మీద "తేజ్ చల్", సాయంత్రం చౌరస్తాలో "జై తెలంగాణ". కాళ్లు అవే, బూట్లు కూడా చాలాసార్లు అవే. అయినా రెండూ ఒకటి కాదని నాకు అర్థమైంది ఒక వంతెన మీద. దానికి వచ్చే ముందు పరేడ్ సంగతి చెప్పాలి.

కవాతు అనే మాట మనకు ఉర్దూ 'కవాయద్' నుంచి వచ్చింది. నియమాలు అని అర్థం. పేరుకు తగ్గట్టే అందులో నడక తక్కువ, నియమం ఎక్కువ. నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు, మొదటి అడుగు ఎప్పుడూ ఎడమ కాలే. లెక్కేస్తే గంటకు ఐదున్నర కిలోమీటర్లు. తుపాకీలో ఒక్కో గుండు నింపి కాల్చే కాలంలో సైనికులు భుజం భుజం ఆనించి నిలబడి, అందరూ ఒకేసారి నింపి ఒకేసారి కాల్చాల్సి వచ్చేది. ఒక్కడు వెనకబడితే పక్కవాడి ప్రాణం పోయేది. ఈ అడుగుల లెక్క అప్పటి అవసరం నుంచి వచ్చింది. ఇప్పుడు అట్లా ఎవరూ యుద్ధం చెయ్యరు. అవసరం పోయింది, ఆచారం మిగిలింది. పెళ్లిలో అరుంధతీ నక్షత్రం చూపించినట్టు అనుకోండి, పట్టపగలు ఎవరికీ కనపడదు, అయినా చూపిస్తాం.

మా చిన్నాయన మామునూరు పోలీసు బెటాలియన్‌లో డ్రిల్ ఉస్తాద్, అంటే కవాతు నేర్పేవాడు. నాకు ఎన్‌సీసీ పిచ్చి పట్టించింది ఆయనే. ఆయన నేర్పినదాంట్లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఆర్డర్ ఎట్లా ఇవ్వాలన్నది. డ్రిల్‌లో ఆర్డర్ రెండు ముక్కలుగా ఉంటుంది. "దాహినేఏఏ..." అని సాగదీసి ఒక్క క్షణం ఆగుతారు, ఆ తర్వాత "ముడ్" అని కొడతారు, కుడికి తిరగమని. మొదటి ముక్క చెవికి, రెండో ముక్క కాలికి. మధ్యలో ఆ ఖాళీ లేకపోతే ముందు వరస తిరుగుతుంది, వెనక వరస నేరుగా వచ్చి గుద్దుకుంటుంది. ఆగమని "థమ్" అన్నా అంతే, ఉన్నచోట బిగుసుకుపోరు. లేచిన అడుగు పూర్తిచేసి, రెండో కాలు తెచ్చి కలిపి, అప్పుడు ఆగుతారు. నడపడం ఎవడైనా నడుపుతాడు, ఆపడం వచ్చినోడే ఉస్తాద్ అనేవాడు చిన్నాయన.

ఇంకో సంగతి, నవ్వుకోండి. వందన వేదిక ముందు "దాహినే దేఖ్" అనగానే అందరూ తల కుడికి తిప్పుతారు. కుడి చివర నడిచేవాడు మాత్రం తిప్పడు. లైన్ వంకర పోకుండా నేరుగా చూస్తూ నడుస్తాడు. నేను పొడుగు కాబట్టి మూడు పరేడ్‌లలోనూ ఆ చివర నేనే. మూడుసార్లు కలెక్టర్ ముందు నుంచి నడిచాను, ఒక్కసారి కూడా ఆయన ముఖం చూడలేదు.

ఇక వంతెన. కాకతీయ యూనివర్సిటీ క్రాస్ రోడ్డు నుంచి నయీంనగర్, పెట్రోల్ పంపు, హన్మకొండ చౌరస్తా మీదుగా అదాలత్ దగ్గరి అమరవీరుల స్థూపం దాకా మా ర్యాలీలు పోయేవి. మామూలుగా గంటలో నడిచే దూరానికి మూడు గంటలు పట్టేది. మధ్యలో నయీంనగర్ నాలా మీద అప్పటి పాత వంతెన ఇరుకుగా ఉండేది. ఒక సాయంత్రం పోలీసులు వంతెనకు అవతల తాడు కట్టి నిలబడ్డారు. ముందు వరస ఆగింది. వెనక ఉన్న వేలమందికి ఆ సంగతి తెలియదు. వాళ్లు నినాదాలు ఇస్తూ నడుస్తూనే ఉన్నారు. నేను వాలంటీర్‌ని, నడుముకు కండువా కట్టుకుని మధ్యలో ఉన్నాను. ఎన్‌సీసీ బుద్ధి కదా, చేతులెత్తి "ఆగండి, ఆగండి" అని ముందువైపు అరిచాను. ముందువాళ్లు ఎప్పుడో ఆగారు! ఒత్తిడి వచ్చేది నా వెనక నుంచి. పిట్టగోడ పక్కనున్న ఇద్దరు ఆడపిల్లలు గోడకు నలిగిపోయి ఏడుస్తున్నారు. ఒక పెద్దమనిషి చెప్పు ఊడి, దానికోసం వంగబోతుంటే భుజం పట్టి లేపాను. వంగినవాడు మళ్లీ లేవడు అక్కడ.

మమ్మల్ని బయటపడేసింది నేను కాదు, డప్పులవాళ్లు. వెనకాల డప్పు కొడుతున్న ఒక అన్నకు సంగతి అర్థమై దరువు ఆపేశాడు. దరువు ఆగగానే నినాదం ఆగింది, నినాదం ఆగగానే నడక నెమ్మదించింది. ఏమైందో అని జనం మెడలు చాచి చూశారు. ఆ సందులో వెనక వరసల్ని కూర్చోబెట్టగలిగాం. వెనక నుంచి ముందుకు, వరస తర్వాత వరస. ముందు వరసను ముందుగా కూర్చోబెట్టి ఉంటే తొక్కేసేవాళ్లు.

రాత్రి ఇంటికి పోయి చిన్నాయనకు చెప్తే తిట్టాడు. "ముందటోనికి ఏం జెప్తవ్‌రా, ఆడు సూస్తనే ఉన్నడు. ఎనకటోనికి జెప్పాలె" అన్నాడు. పోలీసు మనిషి, నన్ను ర్యాలీకి ఎందుకు పోయావని అడగలేదు. ఆర్డర్ తప్పు ఇచ్చానని తిట్టాడు.

మీ ప్రశ్నకు నా జవాబు అక్కడే ఉంది. పరేడ్‌లో నడక ఒక గొంతు చేతిలో ఉంటుంది. ర్యాలీలో గొంతులు వేలు ఉంటాయి, ఆర్డర్ ఉండదు. నడకను నడిపేది దరువు, నినాదం. ఎన్‌సీసీ పిల్లలం మేము కొత్తలో ర్యాలీని నాలుగు లైన్లుగా నడపాలని చూశాం. పది నిమిషాలు కూడా నిలవలేదు. ఒకామె చంకలో పిల్లను మార్చుకుంటుంది, ఒకాయన చాయ్ హోటల్ దగ్గర తెలిసినవాళ్లు కనపడితే ఆగుతాడు. వాళ్లను లైన్‌లో పెట్టడం తప్పని తర్వాత తెలిసింది. అట్లా మధ్యలో వచ్చి కలవడానికి వీలుండబట్టే అది ర్యాలీ.

వంతెన అన్నాను కాబట్టి ఒక మాట. 1831లో ఇంగ్లండ్‌లో బ్రాటన్ అనే చోట సైనికులు అడుగు కలిపి నడుస్తుంటే వేలాడే వంతెన ఊగి కూలిపోయింది. ఆ తర్వాత అక్కడి సైన్యం వంతెన వస్తే అడుగు విడగొట్టి నడవాలని పెట్టుకుంది. క్రమశిక్షణే ప్రమాదమైన చోటు అది. దానికి తిరగేసిన కథ లండన్‌ది. 2000 జూన్‌లో మిలీనియం వంతెన తెరిచిన రోజు మామూలు జనం, ఎవరి నడక వాళ్లది. వంతెన కొద్దిగా పక్కకు ఊగింది. పడిపోకుండా ఉండటానికి అందరూ ఆ ఊపుకు తగ్గట్టు కాళ్లు వేశారు, ఎవరూ చెప్పకుండానే అడుగులు కలిశాయి, ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజులకే మూసేసి 2002లో తెరిచారు. ఇంజినీర్లు దాన్ని వేరేగా వివరిస్తారనుకోండి, నాకు మాత్రం డప్పు గుర్తొస్తుంది.

మన దగ్గర నడక ఎప్పుడూ ఊరికే నడక కాదు. 1946 జులై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం జనం ఊరేగింపుగా దొర గడీ ముందు నుంచి పోతుంటే దేశ్‌ముఖ్ మనుషులు కాల్చారు, దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఆ ఊరు ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. గడీ ముందు తల వంచకుండా గుంపుగా నడవడమే అక్కడ తిరుగుబాటు. 1952లో స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం రాజుకున్నది వరంగల్ విద్యార్థులతోనే. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు చేసిన ప్రదర్శనకు జైత్రయాత్ర అని పేరొచ్చింది. జైత్రయాత్ర అంటే రాజులు సైన్యంతో చేసేది. ఆ మాటను కూలీలు తీసుకున్నారు చూడండి. మా కాలంలో మేం 'మిలియన్ మార్చ్' అన్నాం, అదీ సైన్యం మాటే. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంది. ఎన్నికల ముందు కేంద్ర బలగాలు మన బజార్లలో చేసే ఫ్లాగ్ మార్చ్ ఉందే, అది వేడుకా కాదు, నిరసనా కాదు. "మేమున్నాం, జాగ్రత్త" అని చెప్పడానికి నడిచే నడక. ర్యాలీ కూడా ప్రభుత్వానికి చెప్పేది అదే మాట.

2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌కి నేను చేరలేకపోయాను, పోలీసులు దారిలోనే దింపేశారు. 2012 సెప్టెంబర్ 30, ఆదివారం, హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెలంగాణ కోసం చేసిన సాగరహారం మార్చ్‌కి మాత్రం చేరాను. ముందు రోజే వినాయక నిమజ్జనం, హుస్సేన్‌సాగర్ ఒడ్డంతా విరిగిన విగ్రహాలు, పూల దండలు. హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు మొదలయ్యే ముందు రోజు కాబట్టి ప్రభుత్వం చివరిదాకా తటపటాయించి, మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా నెక్లెస్ రోడ్డులో అనుమతి ఇచ్చింది. వేళ పెట్టి అనుమతి ఇస్తే ర్యాలీ కాస్త పరేడ్ అయిపోతుంది, గమనించారా? ఏడు దాటాక జనం కదలలేదు. వాన దంచి కొట్టింది. మూడింటికీ ఏడింటికీ మధ్య నడిచినదానికంటే, ఏడు తర్వాత తడుస్తూ నిలబడినదే అసలు మార్చ్ అనిపించింది నాకు. అక్కడ పోలీసు వాహనాలు కూడా తగలబడ్డాయి, అది దాచను. మావాళ్లు కాదు అని చెప్పడం తేలిక, అంత గుంపులో ఎవరు ఎవరి మనుషులో ఎవరు చెప్పగలరు.

ఆ రోజు చిన్నాయనకూ బందోబస్తు డ్యూటీ పడింది. వేరే వైపు ఉన్నాడు, కలవలేదు. మర్నాడు ఫోన్ చేసి మొదట అడిగింది "అన్నం తిన్నవా", రెండోది "మీ లైన్ ఎట్లుండె?" లైనే లేదు చిన్నాయనా అన్నాను.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ పొద్దున పోలీసుల మార్చ్‌పాస్ట్‌ని ఇంట్లో టీవీలో చూశాం. నాలుగేళ్లు మాకు ఎదురుగా తాడు పట్టుకుని నిలబడ్డ ఖాకీ డ్రెస్సు, మేం అడిగిన రాష్ట్రానికి సెల్యూట్ కొడుతోంది. అమ్మ ఏడ్చింది. చిన్నాయన మాత్రం మూడో వరసలో ఒకడి చేయి భుజం ఎత్తుకు రావట్లేదని చూపించాడు.

కాబట్టి పంపండి, రెండింటికీ పంపండి. రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు ఇచ్చింది. కాకపోతే ఊరేగింపుకి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోమనండి. పోలీసు యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉందని పేపర్లో వస్తుంది కదా, ఆ రోజుల్లో అనుమతి లేకుండా నడిస్తే కేసే. ఎన్‌సీసీ యూనిఫాంలో మాత్రం ర్యాలీకి పోకూడదు. బెల్టు, టోపీ కూడా వద్దు. ఆ డ్రెస్సు వాడిది కాదు, ఇచ్చినవాళ్లది. పోయినప్పుడు గుంపు నడుమ కాకుండా అంచున నడవమనండి, వంతెనలు, ఇరుకు సందులు వస్తే ముందే పక్కకు తప్పుకోమనండి. చెప్పులు వద్దు, బూట్లు మంచివి.

పరేడ్‌కి ఇంకో రెండు. గంటసేపు సావధాన్‌లో, అంటే కదలకుండా నిటారుగా, నిలబడాల్సి వస్తే మోకాళ్లు బిగబట్టొద్దు, బూటు లోపల కాలి వేళ్లు కదుపుతూ ఉండాలి, లేకపోతే కళ్లు తిరిగి పడిపోతారు. మా బ్యాచ్‌లో ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లే పడ్డారు. పొద్దున రెండు ఇడ్లీలైనా పెట్టి పంపండి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోనివ్వకండి.