డ్రెడ్జింగ్ వల్ల తీరం పాడవుతోందని డ్రోన్ ఫోటోలతో నిరూపించగలమా?

వచ్చే నెల మీ తీరంలో డ్రెడ్జింగ్, అంటే సముద్రపు అడుగున మట్టి తవ్వి తీసే పని మొదలవుతుందని, నీళ్లు పాడైతే డ్రోన్ ఫోటోలు సాక్ష్యంగా పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయి. కానీ మొదటి ఫోటోలు ఇప్పుడే తీయాలి, నీళ్లు ఇంకా బాగున్నప్పుడే.

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మా తీరంలో తవ్వకం మొదలైన కొన్ని వారాలకు డ్రోన్ ఎగరేశాను. ఒడ్డు మీంచి చూస్తే నీళ్లు కాస్త మురికిగా ఉన్నాయనిపిస్తుంది, అంతే. పైనుంచి చూస్తే గోధుమరంగు చార ఒకటి తవ్వే చోటునుంచే బయల్దేరి సముద్రపు గడ్డి మీదుగా సాగుతోంది. ఆ ఫోటో చూపిస్తే పని చేయిస్తున్నవాళ్లు "వానకు కొట్టుకొచ్చిన బురద అది" అన్నారు. అంతకుముందు తీసిన ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఏం చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఏడాదంతా అదే చోటు నుంచి, అదే ఎత్తులో, ఆటుపోట్లు చూసుకుని తీశాను. వాన లేని వారాల్లోనూ అదే చార కనిపించేసరికి వాళ్లు ఆ మాట మానేశారు.

తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకండి. కెమెరా తనంతట తాను రంగు సర్దేస్తే రెండు రోజుల నీళ్లను పోల్చలేం. నడినెత్తిన ఎండ ఉంటే నీళ్లు అద్దంలా మెరిసి అడుగు కనబడదు. సూర్యుడు కాస్త వాలుగా ఉన్నప్పుడు, పోలరైజర్ (నీటి మెరుపును తగ్గించే ఫిల్టర్) పెట్టి తీయండి. ఫ్రేమ్‌లో ఒడ్డో రాళ్లో కొంచెం ఉండాలి. వట్టి నీళ్ల ఫోటోలను సాఫ్ట్‌వేర్ ఒకే పెద్ద ఫోటోగా కలిపి కుట్టలేదు, అలలు కదులుతూ ఉంటాయి కదా. మేఘం నీడ కూడా అచ్చం సముద్రపు గడ్డిలాగే నల్లగా కనిపిస్తుంది, జాగ్రత్త.

ఫోటోల్లో నీళ్ల మీద నూనె తెట్టు కనిపిస్తే, మెరిసే రంగులు చూసి కంగారు పడొద్దు. ఇంద్రధనుస్సులా మెరిసే పొర మందం సుమారు 0.3 నుంచి 5 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నూనె తన అసలు రంగులో, నల్లగానో గోధుమగానో కనిపించే చోట పొర అంతకన్నా చాలా మందం. అసలు ప్రమాదం అక్కడ.

ఫోటో ఎక్కడ చూడాలో చెబుతుంది. నీళ్లలో ఏముందో చెప్పలేదు. 2016లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మీద విమానంలో తిరిగి 900కు పైగా పగడపు దిబ్బలను పరిశీలించిన శాస్త్రవేత్తలు కూడా, కొన్నిచోట్ల నీళ్లలోకి దిగి సరిచూశారు. కాబట్టి చార ఉన్నచోటా లేనిచోటా సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఎగరేయడానికి అనుమతి అవసరమేమో ముందే కనుక్కోండి. ఒరిజినల్ ఫైళ్లను ఎడిట్ చేయకుండా రెండుచోట్ల దాచండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే తేదీ, జీపీఎస్ వివరాలు పోతాయి. తవ్వకం మొదలయ్యేలోపు నాలుగైదు సార్లయినా తీయండి. వాన పడిన మర్నాడు ఒకసారి తప్పనిసరిగా తీయండి.