నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో ముందు చెప్పు

చి.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు పేజీలూ అందాయి. చర్చా బృందంలో చేరిన మొదటి రోజు అందరి ముందూ చదవడానికి రాసుకున్న పరిచయం కదా అని, తొందరపడకుండా మూడుసార్లు చదివాను. రెండో పేజీ బాగుంది. మొదటి పేజీ మాత్రం తీసెయ్యమంటాను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా విను.

మొదటి వాక్యమే ‘నేను ఆర్థిక విషయాల్లో వామపక్షం వైపు, వ్యక్తిస్వేచ్ఛ విషయంలో ఉదారవాదిని’ అని ఉంది. ఆ మాట అబద్ధమని కాదు. కానీ గదిలో పాతికమంది ఉంటే పాతికమందీ నీ గురించి పాతిక రకాలుగా అనుకుంటారు. వామపక్షం అనగానే ఒకరికి సమ్మెలో నిలబడ్డ తండ్రి గుర్తొస్తాడు, ఇంకొకరికి మూతబడ్డ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. నువ్వు రెండో మాట అనేలోపే ఆ పేరుకు అంటుకుని ఉన్న మంచీ చెడూ అంతా నీ ఖాతాలో పడుతుంది. అసలు ఈ కుడి ఎడమలు పుట్టిందే కూర్చున్న చోటును బట్టి. 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో రాజుకు వీటో అధికారం ఉండాలా వద్దా అన్న వాదం నడిచినప్పుడు, ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు చేరారు. ఒక రాజు గురించి వచ్చిన తగువులో పుట్టిన పేర్లు అవి. నీ ముప్ఫై ఏళ్ల బతుకులో నువ్వు తేల్చుకున్న విషయాలన్నీ వాటిలో ఇముడుతాయా?

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఉద్యోగుల సంఘం సమావేశంలో లేచి, ‘నేను సంక్షేమ రాజ్యాన్ని నమ్మేవాణ్ణి’ అని పరిచయం చేసుకున్నాను. వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన ‘ఎందుకు నాయనా?’ అని అడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నేను చదివిన మాటలు నాలుగు అప్పజెప్పాను. ఆయన అంతా విని, ‘అది సరే, నీకెందుకు?’ అన్నాడు. అప్పుడు నా నోట మీ తాతయ్య కాగితం సంగతి వచ్చింది.

మీ తాతయ్య పింఛను దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, ఒక కార్యాలయం చుట్టూ పదకొండు నెలలు తిరిగాడు. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది. వెనకవైపు ఇంకో కాగితం జిగురుతో అతికించింది నేనే. తేదీ మీద జిగురు పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి అతికించాను. మర్నాడు అది తీసుకుని వెళితే, అతుకుల కాగితం చెల్లదు, కొత్తది రాసుకురమ్మన్నారు. మీ తాతయ్య ఆ సాయంత్రం ఏమీ మాట్లాడలేదు. పింఛను హక్కు కావాలి, ఒకరి దయ కాకూడదు అన్న మాట నేను నేర్చుకున్నది ఆ సాయంత్రమే.

ఇది చెప్పి కూర్చున్నాక నా పక్కనున్నతను మెల్లగా అన్నాడు: ‘మీరు చెప్పింది విన్నాక నాకు ఇంకోలా అనిపిస్తోంది. ఆ కార్యాలయం చేతికి ఇంకా ఎక్కువ అధికారం ఇవ్వకూడదని.’ ఇద్దరం చూసింది ఒకే కాగితాన్ని. నేను ఒక దారిన పోయాను, అతను ఇంకో దారిన. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు మేమిద్దరం వాదించుకున్నాం, ఒకరింటికి ఒకరం వెళ్లాం, ఒకరి పిల్లల పెళ్లిళ్లలో ఒకరం నిలబడ్డాం. నేను ఆ రోజు ‘సంక్షేమ రాజ్యం’ దగ్గరే ఆగిపోయి ఉంటే అతను నాతో మాట కలిపేవాడే కాదు. అందుకే మొదటి పేజీ తీసెయ్యమంటున్నాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు నీ బతుకు మాత్రమే చెప్పమంటారు, అభిప్రాయం తమకు వదిలెయ్యమంటారు. ఫ్రెడరిక్ డగ్లస్ గురించి నువ్వు వినే ఉంటావు. అమెరికాలో బానిసగా పుట్టి, 1838లో తప్పించుకున్న మనిషి. 1841లో బానిసత్వ వ్యతిరేక సభల్లో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు, ఆయన్ని వేదిక ఎక్కించిన మిత్రులే ‘నీకు జరిగింది చెప్పు చాలు, సిద్ధాంతం సంగతి మేం చూసుకుంటాం’ అన్నారట. ఆయన ఊరుకోలేదు. జరిగింది చెబుతూ, అది ఎందుకు తప్పో కూడా తానే చెప్పాడు. అంత చక్కగా మాట్లాడేవాడు బానిసగా ఉండి ఉండడని జనం అనుమానించారు. దాంతో 1845లో యజమానుల పేర్లు, ఊళ్లతో సహా తన కథ అచ్చువేశాడు. ఆ నిజాయితీకి వెల కట్టాల్సి వచ్చింది. మళ్లీ పట్టుకుపోతారేమోనన్న భయంతో సముద్రం దాటి బ్రిటన్ వెళ్లాడు. అక్కడి అభిమానులు డబ్బు పోగుచేసి 1846లో ఆయన స్వేచ్ఛను చట్టబద్ధంగా కొన్న తర్వాతే ఇంటిముఖం పట్టాడు.

నువ్వు పడే ఇబ్బంది అంత పెద్దది కాదని నాకు తెలుసు. అయినా నీ గురించి నువ్వు చెప్పేటప్పుడు ‘నాకిలా జరిగింది’ దగ్గర ఆగకు. ‘అందుకే నేనిలా అనుకుంటున్నాను’ అన్న వాక్యం కూడా నీదే కావాలి.

మనసు మారిన సంగతి దాచావు. ఐదేళ్ల కిందట నువ్వు నాతో వాదించినదానికీ ఇప్పుడు రాసినదానికీ పొంతన లేదు. దాన్ని లోపమనుకుని దాచావేమో. డగ్లస్ తమ దేశ రాజ్యాంగం బానిసత్వానికి కొమ్ముకాస్తుందని ఏళ్ల తరబడి చెప్పి, 1851లో అదే రాజ్యాంగాన్ని బానిసత్వం మీద ఆయుధంగా వాడవచ్చని తన పత్రికలోనే ప్రకటించాడు. పాత మిత్రులు దూరమయ్యారు. అయినా మార్పునూ, దాని కారణాన్నీ బయటపెట్టాడు. నువ్వూ చెప్పు: అప్పుడు ఇలా అనుకున్నాను, ఫలానాది చూశాక ఇలా అనుకుంటున్నాను అని. ఎదుటివాళ్లలోనూ సగం మార్గంలో ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లకు ధైర్యం వస్తుంది.

సుఖంగా గడిచిన భాగాన్ని కూడా దాచకు. నీ చదువుకు అప్పు చెయ్యాల్సిన అవసరం రాలేదు. అది రాయడానికి సిగ్గుపడ్డావని పంక్తుల మధ్య కనిపిస్తూనే ఉంది. కష్టం మన అభిప్రాయాలను ఎలా మలుస్తుందో సౌకర్యమూ అలాగే మలుస్తుంది. ఒక్క వాక్యం చాలు, క్షమాపణ అక్కర్లేదు.

ఏ పార్టీకి ఓటేశావో చెప్పక్కర్లేదు. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగినా నవ్వి ఊరుకో. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1856లో రహస్య ఓటు చట్టం తెచ్చింది, ఐక్యరాజ్యసమితి 1948 నాటి మానవహక్కుల ప్రకటనలో 21వ అధికరణం రహస్య ఓటు గురించి చెప్పింది, ఊరికే కాదు. అభిప్రాయం చెప్పడం నీ ఇష్టం, ఓటు చెప్పకపోవడం నీ హక్కు.

చదవడానికి మూడు నిమిషాలు మించనివ్వకు. గట్టిగా పైకి చదివి చూసుకో. ఎక్కడ గొంతు ఉపన్యాసంలోకి వెళుతుందో నీకే తెలుస్తుంది, అక్కడ కొట్టెయ్యి. నీకింకా తేలని ప్రశ్న ఒకటి చెప్పి, వాళ్లేమంటారో అడిగి కూర్చో.

ఇక రెండో పేజీ. వ్యాపారం దెబ్బతిన్న రోజుల్లో మీ అన్నయ్య బ్యాంకు ఫోను వస్తుందని తెలిసి, మోగకుండా చేసి దిండు కింద పెట్టుకునేవాడనీ, అయినా దిండు వణికేదనీ రాశావు. అప్పు ఎగ్గొట్టేవాణ్ణీ అప్పులో మునిగినవాణ్ణీ చట్టం ఒకే గాటన కట్టకూడదని నువ్వు ఎందుకు అంటున్నావో నాకు ఆ దిండు దగ్గరే అర్థమైంది. నీ పరిచయం మొత్తంలో అంత బలమైన చోటు ఇంకోటి లేదు. కానీ ఆ రాత్రులు వాడివి. డగ్లస్ యజమానుల పేర్లు బయటపెట్టాడు గానీ, తాను ఎలా తప్పించుకున్నదీ అప్పుడు చెప్పలేదు. చెబితే సాయం చేసినవాళ్లు చిక్కుల్లో పడతారు, వెనక వచ్చేవాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. బానిసత్వం పోయి ఎన్నో ఏళ్లయ్యాక, 1881లో గానీ ఆ సంగతి వివరంగా రాయలేదు.

ఈ కాగితం ముందు మీ అన్నయ్యకు చదివి వినిపించు. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని చదువు. వాడు సరేనంటే ఒక్క అక్షరం మార్చకు. వద్దంటే ఆ పేరా తీసేసి నాకు చెప్పు, దాని బదులు ఏం చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

మీ పెదనాన్న