రోజుకు రెండు పూటలా నిన్ను పిలిచేవి ఎన్ని?

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంటి చుట్టూ ఉన్న నేలలో తిండికి సరిపడా పండించుకోవాలని, కోళ్లూ మేకలూ ఆవూ పెంచాలని, పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివించాలని రాశావు. ఆవు బేరం దాదాపు కుదిరిందని కూడా రాశావు. ఇవన్నీ ఒక ఇంట్లో ఇముడుతాయా అని నీ ప్రశ్న. ఇముడుతాయి తల్లీ, కానీ అన్నీ ఒకే ఏడు మొదలుపెడితే ఇమడవు. ఆ వరుస గురించే ఈ ఉత్తరం.

ఎంత నేల ఉందన్నది మొదటి లెక్క కాదు. రోజుకు రెండు పూటలా నువ్వు వెళ్లి తీరాల్సిన ప్రాణాలు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. కూరమడికి ఇవాళ నీళ్లు తగ్గితే రేపు పెట్టవచ్చు. కలుపు రెండు రోజులు ఆగుతుంది. పాలిచ్చే పశువు మాత్రం ఆగదు. రెండు పూటలా పితికేటట్టయితే మధ్య ఎడం పన్నెండు గంటలకు దగ్గరగా ఉండాలి. పాలు పొదుగులోనే ఉండిపోతే అది గట్టిపడి సలుపుతుంది, పొదుగువాపుకు దారి తీస్తుంది. తరచూ అలా జరిగితే పాలే తగ్గిపోతాయి. నీకు జ్వరమొచ్చినా, చిన్నది రాత్రంతా నిద్రపోనివ్వకపోయినా ఆ వేళకు నువ్వు అక్కడ ఉండాలి.

అందుకని ఈ ఏడు కూరగాయలూ, నాలుగైదు కోళ్లూ చాలు. గూడు తెరవడం, మేత, నీళ్లు, గుడ్లు ఏరడం, చీకటి పడేలోపు మూయడం. ఏడేళ్ల పెద్దవాడు నీ కనుసన్నల్లో ఇవన్నీ చేయగలడు. వచ్చే ఏడు మేక. దానికీ ఒక వెసులుబాటు ఉంది: పిల్లకు రెండు మూడు వారాలు నిండి బలంగా ఉన్నాక రాత్రి దాన్ని తల్లి నుంచి వేరుగా ఉంచి, పొద్దున నువ్వు పాలు పితుక్కుని, పగలంతా పిల్లను తల్లి దగ్గర వదిలేయవచ్చు. పాలు కొంచెం తక్కువే వస్తాయి కానీ సాయంత్రం పూట నీకు మిగులుతుంది. మేక చూడి సుమారు 150 రోజులు, ఆవుది సుమారు 280 రోజులు. జత కట్టించిన తేదీ రాసి పెట్టుకుంటే ఈనే రోజులు కోతల మీద పడకుండా ముందే చూసుకోవచ్చు. ఈనిన రాత్రి ఎవరూ నిద్రపోరు. పుట్టిన పిల్లకు మొదటి కొన్ని గంటల్లోనే ముర్రుపాలు అందాలి కదా.

ఇక చదువు. 'పొలమే బడి' అని చాలామంది అంటారు. ఆ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. కోళ్లకు మేత వేయడంలో నేర్చుకోవలసింది పిల్లవాడు మొదటి వారంలోనే నేర్చేసుకుంటాడు, ఆ తర్వాత అది ఇంటి పని. ఇంటి పని పిల్లలకు మంచిదే, వాళ్లు చేయాలి కూడా. కానీ దాన్ని చదువు ఖాతాలో రాసుకుని తృప్తి పడకు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం, కూడికలు, తీసివేతలు, ఎక్కాలు రోజూ పక్కన కూర్చుని నేర్పితేనే వస్తాయి. చదవడం మొదలుపెట్టిన పిల్లవాడికి ఒక్క విడతలో ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలూ నీ ధ్యాసంతా వాడి మీదే ఉండాలి. మొత్తం మీద కూర్చుని చదివేది గంటన్నర ఉంటే ఈ వయసుకు ఎక్కువే. నువ్వు చెబుతున్నది ఒక్కడికే, గది నిండా ఉన్న పిల్లలకు కాదు.

ఆ వేళ ఏదంటే, పొద్దుటి మేత పని అయ్యాక, మడుల్లోకి దిగకముందు. ఇందులో మాత్రం గట్టిగా ఉండు. ఒక్క మొక్క దగ్గర కలుపు తీద్దామని వంగావంటే మధ్యాహ్నం దాకా నడుం ఎత్తవు. అప్పటికి వాడికీ ఓపిక ఉండదు, నీకూ ఉండదు.

పొలం నిజంగా బడి అయ్యే రోజులూ ఉన్నాయి. గుడ్లు పొదిగించే 21 రోజులు అలాంటివి. చిన్న ఇంక్యుబేటర్ అరువుకు దొరికితే తెచ్చుకో. ఫ్యాన్ ఉన్నదైతే వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. ప్రతి గుడ్డుకూ ఒక వైపు సున్నా, ఇంకో వైపు ఇంటూ పెన్సిలుతో వాడి చేతే వేయించు. రోజుకు మూడుసార్లో అయిదుసార్లో తిప్పాలి, సరిసంఖ్య పనికిరాదు. ఎందుకో వాణ్నే కనిపెట్టనివ్వు: సరిసంఖ్యలో తిప్పితే ప్రతి రాత్రీ గుడ్డు ఒకే వైపు పడుకుంటుంది. ఏడో రోజు గది చీకటి చేసి గుడ్డు వెనక టార్చి పెట్టండి. సాలెగూడు లాంటి ఎర్రటి నరాలు, వాటి మధ్య నల్లటి చుక్క కనబడతాయి. కాసేపు కదలకుండా చూస్తే ఆ చుక్క కదులుతుంది. పిండం లేని గుడ్డు ఖాళీగా వెలుగుతుంది. పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం ఆపేయాలి. పెట్టినవెన్ని, పిల్లలైనవెన్ని అన్న లెక్కతో భిన్నాలు మొదలుపెట్టవచ్చు. పెంకు పగిలే రోజున పుస్తకాలు మూసేయ్. కొన్ని పెంకులోనే చచ్చిపోతాయి, వాడు ఏడుస్తాడు. వాటిని దాచి, ఏమీ జరగనట్టు ఉండకు. పక్కన కూర్చుని వాడు అడిగినదానికి జవాబు చెప్పు. ఒక జాగ్రత్త: కోడిపిల్లల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే సూక్ష్మజీవి ఉండవచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. మూడేళ్ల చిన్నదాన్ని మాత్రం వాటిని ముట్టుకోనివ్వకు.

చిన్నదాని గురించే ఇంకో మాట. పశువుల నీళ్ల తొట్టికి మూత చేయించు. జానెడు నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోతారు. ఈ పని ఇవాళే చేయండి.

కోతల వారాల్లో, పండింది నిల్వ చేసుకునే రోజుల్లో పాఠాలకు సెలవు ఇచ్చేయ్, ఇరవై నిమిషాల చదువు తప్ప. పని పలచగా ఉన్న నెలల్లో ఆ లోటు పూడ్చుకోవచ్చు. ఇల్లు కొంత చిందరవందరగా ఉంటుంది, ఉండనీ. కానీ సాయంత్రం పని మీ ఆయనదేనని ఇప్పుడే తేల్చుకోండి. నీకు తోచినప్పుడల్లా అతను సాయం చేయడం కాదు, ఆ పూట బాధ్యతే అతనిది కావాలి. రాత్రి భోజనాల దగ్గర పొలం మాట ఎత్తకండి. మేకను తెచ్చేలోపే పాలు పితకడం వచ్చిన పొరుగువాళ్లను ఒకరిని చూసి పెట్టుకో. లేకపోతే నలుగురూ కలిసి ఒక్క రాత్రి కూడా ఊరు దాటలేరు.

ఇంటి చదువుకు చట్టం అన్ని చోట్లా ఒకేలా లేదు. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లడం తప్పనిసరి. అమెరికాలో అన్ని రాష్ట్రాలూ ఇంటి చదువును అనుమతిస్తాయి కానీ నియమాలు రాష్ట్రానికొక తీరు. మీరున్న చోట ఏముందో రాతపూర్వకంగా తెలుసుకో. ఏ రోజు ఏం చదివాడో ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తూ ఉండు.

ఆవు అమ్మే ఆయనకు ఈ ఏడు వద్దని చెప్పేయ్. పెద్దవాడు ఎవరి సాయమూ లేకుండా ఒక పేజీ చదివిన రోజున నాకు రాయి. చూడి ఆవు కొనాలా, పాలిచ్చేది కొనాలా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ