సీఎంఎంసీని అమెరికా కాంగ్రెస్ కొట్టేస్తే చిన్న కంపెనీలు బతికిపోతాయా?

అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టర్లకు పెట్టిన సైబర్ భద్రతా నిబంధన సీఎంఎంసీని అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, రద్దు చేస్తే చిన్న కంపెనీలకు ఊరటే కదా అని అడిగారు. ఏం ఊరటండీ?

2024 నవంబర్‌లో టెన్నెసీ ప్రతినిధి ఆండీ ఓగల్స్ రద్దు తీర్మానం పెట్టినప్పుడు నేను విమాన విడిభాగాలు చేసే ఓ చిన్న మెషీన్ షాపులో ఐటీ చూసేవాడిని. వార్త చూడగానే మా ఓనర్ ముఖం వెలిగిపోయింది, "ఆగు, ఇదంతా పోతుంది" అని నేను అడిగిన కొనుగోళ్లన్నీ పక్కన పడేశాడు. మా షాపులో సీఎన్‌సీ మెషీన్ పక్క కంప్యూటర్‌లో ఇంకా విండోస్ ఎక్స్‌పీయే, అందరికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ మానిటర్‌కి టేపుతో అంటించి ఉండేది. డ్రాయింగులున్న పెన్‌డ్రైవ్ ఒకాయన జేబులో లంచ్‌కి కూడా వెళ్లొచ్చేది. మా భద్రతకు మేమే మార్కులు వేసుకుని రక్షణ శాఖకు పంపిన స్కోరు మాత్రం 110కి 110!

తీర్మానం ఓటింగ్ దాకా పోకుండానే ఆ కాంగ్రెస్ పదవీకాలం ముగిసింది, 2025 నవంబర్ 10 నుంచి సీఎంఎంసీ కాంట్రాక్టుల్లోకి వచ్చేసింది. సరే, ఆ తీర్మానం నెగ్గిందనే అనుకుందాం. సీఎంఎంసీ రెండో స్థాయి, అంటే లెవెల్ 2లో అడిగే ఆ 110 భద్రతా అంశాలు 2017 చివరికల్లా అమలు కావాలని కాంట్రాక్టుల్లో ముందునుంచే ఉంది. సీఎంఎంసీ కొత్తగా తెచ్చింది తనిఖీని. అది తీసేస్తే పని తగ్గదు, అబద్ధం చెప్పడం తేలికవుతుంది, అంతే. ఆ అబద్ధం దొరికితే మాత్రం మునగడమే: మోర్స్‌కార్ప్ అనే రక్షణ కాంట్రాక్టర్ తన స్కోరు 104 అని చెప్పుకుంది, బయటివాళ్లు లెక్కేస్తే మైనస్ 142 వచ్చింది, 2025లో ప్రభుత్వానికి 46 లక్షల డాలర్లు కట్టి కేసు సర్దుకుంది. అప్పటికి సీఎంఎంసీ కాంట్రాక్టుల్లోకి రానేలేదు.

 

చిన్న షాపుల అసలు బాధ వేరు. మామూలు బోల్టు కొలతల కాగితం మీద కూడా పెద్ద కాంట్రాక్టర్లు సీయూఐ (రహస్యం కాకపోయినా కాపాడాల్సిన ప్రభుత్వ సమాచారం) అని ముద్ర కొట్టి కిందకి తోసేస్తారు, దాంతో ఖర్చంతా మా నెత్తిన పడుతుంది. ఆ ముద్రలకు కళ్లెం వేసే బిల్లు ఎవరైనా పెడితే పార్టీ చూడకుండా ఓటేస్తాను.