సెంటర్ ట్యాపా, బ్రిడ్జా? నా ఓటు బ్రిడ్జికే, ఒక్క చోట తప్ప

ఏసీ రెండు సగాల్నీ డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్‌లో సెంటర్ ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ మధ్య నుంచి తీగ తీసి రెండు డయోడ్లు పెట్టేది) మంచిదా, బ్రిడ్జి (మధ్య తీగ లేకుండా నాలుగు డయోడ్లతో చేసేది) మంచిదా అని అడిగారు. పుస్తకాల్లోని పోలికల పట్టిక చూసి తేల్చుకుందామంటే కుదరదు. ఎఫిషియెన్సీ రెండింటికీ 81.2 శాతమే, రిపుల్ ఫ్యాక్టర్ (డీసీలో మిగిలిపోయే అలల వంతు) రెండింటికీ 0.48 చిల్లరే. పరీక్ష కోసం బట్టీ పట్టించడానికి తప్ప ఆ వరుసలు ఎందుకో నాకు అర్థం కాదు.

నేను బ్రిడ్జి పక్షం. సెంటర్ ట్యాప్‌లో ఏ హాఫ్ సైకిల్ చూసినా సగం వైండింగ్ ఖాళీగా కూర్చుంటుంది. పైగా 12-0-12 (మధ్య తీగ నుంచి అటూ ఇటూ 12 వోల్టులిచ్చే) ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక్కో సగం పీక్ 17 వోల్టులైతే, ఆగి ఉన్న డయోడ్ మీద రివర్స్‌లో దాదాపు 34 పడుతుంది. అదే అవుట్‌పుట్‌కి బ్రిడ్జిలో 17 తట్టుకుంటే చాలు. డయోడ్లు నాలుగు కావాలంటారు, నిజమే. నాలుగూ ఒకే ప్యాకేజీలో దొరుకుతుంటే ఇంకా ఆ లెక్కెందుకు?

బ్రిడ్జితో అసలు చిక్కు వేరే ఉంది, దాన్ని ల్యాబ్‌లో కళ్లారా చూశాను. మా బ్యాచ్‌లో ఒకతను ఇన్‌పుట్, అవుట్‌పుట్ వేవ్‌లు ఒకేసారి చూద్దామని ఆసిలోస్కోప్ (వేవ్ ఆకారం చూపే పరికరం) ఒక ఛానల్ గ్రౌండ్ క్లిప్‌ని సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వైండింగ్) చివరకి, రెండోదాన్ని అవుట్‌పుట్ మైనస్‌కి తగిలించాడు. ఆ రెండు గ్రౌండ్లూ స్కోప్ లోపల ఒకటే. చిటుక్కుమని పొగ! విచిత్రమేంటంటే, క్లిప్‌ల మధ్య షార్టయిన డయోడ్ చల్లగా ఉంది, మాడింది మైనస్ వైపున్న దాని జత. ఒక హాఫ్ సైకిల్‌లో సెకండరీ మొత్తం ఆ ఒక్క డయోడ్ గుండా షార్టయింది మరి. ఇన్‌స్ట్రక్టరేమో "నాసిరకం డయోడ్" అనేసి ఇంకోటి చేతిలో పెట్టాడు, అదీ పోయింది! సెంటర్ ట్యాప్‌లో ఈ గొడవ రాదు, మధ్య తీగే రెండు వైపులకీ కామన్ కాబట్టి.

ఇక నా ఓటు మారే ఆ ఒక్క చోటు, తక్కువ వోల్టేజ్. 6 వోల్టుల సెకండరీ పీక్ దాదాపు 8.5. బ్రిడ్జిలో కరెంట్ రెండు డయోడ్లు దాటాలి, ఒక్కోదానికి 0.7 చొప్పున 1.4 పోతే 7.1 మిగులుతుంది. స్థిరంగా 5 వోల్టులిచ్చే రెగ్యులేటర్ ఐసీ 7805కి ఇన్‌పుట్ 7 దాకా కావాలి, కెపాసిటర్ మీద వోల్టేజ్ కాస్త దిగితే చాలు, 5 వోల్టులు ఊగుతాయి. 6-0-6 పెడితే ఒక్క డయోడ్ డ్రాపే, 7.8 వస్తుంది. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) విప్పి చూడండి, 5 వోల్టుల లైన్ మీద హీట్‌సింక్‌కి బిగించిన మూడు కాళ్ల షాట్కీ (డ్రాప్ తక్కువుండే రకం) జంట డయోడ్ కనబడుతుంది. అది సెంటర్ ట్యాపే.